మొగిలి ఘాట్‌లో ఆగిపోతున్న పాత హోండా సిటీ: హిటాచీ డెల్కో తీసేసి టీఈసీది పెట్టొచ్చా?

ల్యాబ్ సామి, తిరుపతి:

అందరికీ నమస్కారం. బండి 2001 హోండా సిటీ 1.5. మన దేశంలో 1998లో దిగిన ఆ మొదటి మోడలే. వీటెక్ కాదు, మామూలు పదహారు వాల్వులది. ఏపీ 03 నంబరు. చిత్తూరులో ఒక రిటైరైన హెడ్మాస్టరు దగ్గర కొన్నాను. ఆయన ప్రతి సర్వీసు బిల్లూ పిన్ను కొట్టి ఫైల్లో పెట్టి ఇచ్చినాడు. ఆ ఫైలంతా తిరగేసినా డెల్కో మార్చినట్టు ఒక్క బిల్లూ లేదు. అంటే ఇరవై ఏళ్ళకు పైగా కంపెనీ నుంచి వచ్చిందే నడిచిందన్న మాట. ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌ను మన పక్క మెకానిక్కులు డెల్కో అనే అంటారు, నేనూ అట్లే రాస్తా.

మా అత్తగారిది పాలమనేరు. నెలకు రెండు శనివారాలు పోవాల్సిందే. చంద్రగిరి, పాకాల, చిత్తూరు బైపాసు, బంగారుపాళ్యం, అక్కడి దాకా బండి గుర్రమే. మొగిలి ఘాట్ మొదలైతే మాత్రం నాకు గుండె దడ. (కొండకు బస్సులోనే పోతాను, ఆ ఘాట్ సంగతి అడగొద్దండి.)

జూన్ నెల, తోతాపురి కాలం. బెంగళూరుకు పోయే కాయల లారీ ముందర నత్త మాదిరి ఎక్కుతాంది. దాటుదామంటే వంపులు. సెకండు గేర్లో, ఏసీ వేసుకోని, దాని పొగ మింగుతా పది నిమిషాలు పోయినాను. ఉన్నట్టుండి ఆర్‌పీఎం ముల్లు టక్కున సున్నాకు పడింది. బండి గేర్లోనే ఉంది, చక్రాలు ఇంజన్ను ఇంకా తిప్పుతానే ఉన్నాయి, ముల్లు మాత్రం పడుకుండిపోయింది. నేను పని చేసేది కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో, అసిస్టెంటుగా. అందుకేనేమో బండి ఆగిందన్న బాధ కంటే ముందు ఆ ముల్లు పడిన తీరే కంట్లో పడింది. ఇంజన్ ఆగడం వల్ల ముల్లు దిగితే మెల్లగా దిగాల. ఇది ఫ్యూజు తీసేసినట్టు పడింది.

పక్కకు నెట్టి చక్రం కింద రాయి పెట్టి, ఇరవై అయిదు నిమిషాలు ఎండలో నిలబడ్డాం. తర్వాత సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్టయింది. ఆ నెలలోనే ఇంకో రెండు సార్లు ఇదే కథ. రెండోసారికి నేను సిద్ధంగా ఉన్నాను. తాళం తిప్పితే వెనక పంపు రెండు సెకన్లు గుయ్యిమంటాంది, అంటే పెట్రోలు సమస్య కాదు. ఒక ప్లగ్గు వైరు పీకి, డిక్కీలో ఉన్న పాత ప్లగ్గు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి పట్టుకోని, మా ఆవిడను సెల్ఫ్ కొట్టమన్నా. నిప్పురవ్వ లేదు. తడిగుడ్డ డెల్కో మీద కప్పి అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ కొట్టమన్నా. నీలంగా చిటపటా వచ్చింది. లోపలుండే ఇగ్నైటర్, అంటే నిప్పు వేయించే ఎలక్ట్రానిక్ స్విచ్చు, వేడెక్కితే చచ్చిపోతాందని అర్థమైంది.

ఇంటికొచ్చి క్యాప్ విప్పితే లోపలంతా కుంకుమ చల్లినట్టు ఎర్రపొడి. క్యాప్ లోపల తిరిగే రోటర్ కింద, కాయిల్ మీద, మూలల్లో. వేలితో తుడిస్తే వేలు ఎర్రగా అయింది.

ఇక సలహాలు. ఇగ్నైటర్ ఒక్కటి మారిస్తే చాలన్నారు ఒకరు. ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేనిది ఒకటి తెప్పించి వేసినా, మూడు వారాలు నడిచి నాలుగో వారం అదే ఘాట్‌లో చేతులెత్తేసింది. ఆటోనగర్లో ఇంకొకరు, ఈ ఇంజెక్షన్ గొడవే వద్దు సార్, పాత ఎస్టీం కార్బురేటరు, దాని డెల్కో వేసేస్తాం, పదిహేను వేలకు జీవితాంతం నిశ్చింత అన్నారు. మా వీధి ఎలక్ట్రీషియన్ చెప్పింది వేరే. నాకున్నది హిటాచీ కంపెనీ డెల్కో, దానికి మంచి విడిభాగాలు దొరకవు, చెన్నై పుదుపేటలో జపాన్ హాఫ్‌కట్ (సగానికి కోసి తెచ్చిన పాత బండ్ల) ఇంజన్ల మీద వచ్చే టీఈసీ కంపెనీ డెల్కో మొత్తంగా మార్చెయ్ అని.

టీఈసీది నా ఇంజన్‌కు కూర్చుంటుందా? కనెక్టర్లు వేరేగా ఉన్నాయంటున్నారు, వైర్లు కోసి కలిపితే చాలా? నా క్యాప్, రోటర్ కొత్తవే, వాటిని దాని మీద వాడొచ్చా? కార్బురేటరు మాటలో ఏమైనా అర్థముందా, లేక పదిహేను వేలు పోగొట్టుకునే దారేనా? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

---

గ్రీమ్స్‌పేట మెకానిక్, చిత్తూరు:

నాయనా, ముందు ఆ కార్బురేటరు మాట చెవిలో నుంచి తీసెయ్. నేను అంబాసిడర్లు, పద్మినీలు చేసి పెరిగినోణ్ణి, కార్బురేటరంటే నాకు ద్వేషమేమీ లేదు. అయినా చెప్తాండా.

పాత బండ్ల డెల్కో నీ డెల్కో ఒకటి కాదు. అంబాసిడర్ డెల్కో విప్పితే కింద రెండు బరువులు, వాటికి స్ప్రింగులు ఉంటాయి. ఇంజన్ స్పీడయ్యే కొద్దీ ఆ బరువులు బయటికి విచ్చుకోని టైమింగును ముందుకు జరుపుతాయి. పక్కన చిన్న డబ్బా మాదిరి వ్యాక్యూమ్ అడ్వాన్సు, దాంట్లో రబ్బరు పొర. ప్లాటినం, కండెన్సరు. అంతా దాంట్లోనే ఉండాది, ఎవురినీ అడగాల్సిన పని లేదు దానికి. నీ సిటీది విప్పి చూడు, బరువులూ లేవు, డబ్బా లేదు. ఎప్పుడు నిప్పు వెయ్యాలో చెప్పేది ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటరు. ఆ ఈసీయూకు ఇంజన్ ఇప్పుడు యాడ తిరుగుతాందో చెప్పేది మళ్ళీ ఈ డెల్కోనే, లోపల మూడు సెన్సార్లు ఉండాయి. అంటే సగం కన్ను, సగం చెయ్యి. ఎస్టీం కార్బురేటరు డెల్కో నీ ఇంజన్లో వాల్వులు తెరిచే ఆ కెమ్ షాఫ్టు చివర కూర్చునేదే కష్టం. కూర్చోబెట్టినా ఈసీయూకు కండ్లు పోతాయి. అప్పుడు ఇంజెక్షన్ మొత్తం తీసి పారెయ్యాల.

పైగా నీ ట్యాంకులో పంపు మూడు బార్ దాకా తోస్తుంది. కార్బురేటర్ నీడిల్ దాంట్లో పదో వంతు తట్టుకుంటే గొప్ప. పంపూ మార్చాల, లైనూ మార్చాల. అంతా అయినాక ఎఫ్‌సీకి పోతే పొగ దగ్గర ఆపుతారు. ఆర్సీలో రాసినదానికి తేడాగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్లోనే ఉండాది. డెల్కో బదులు డెల్కో వేసుకుంటే ఎవురూ అడగరు.

ఇంక ఆ కుంకుమ సంగతి. అది డెల్కో బేరింగు తిన్న పొడి. బేరింగు లూజయితే షాఫ్టు ఊగుతుంది, షాఫ్టు ఊగితే సెన్సారుకూ పండ్లచక్రానికీ మధ్య సందు మారతాంటాది. నువ్వు ఇగ్నైటర్లు ఎన్ని మార్చినా ఆ బేరింగు అట్లే ఉంటే ఒకరోజు రోటరు పోయి క్యాపునే కొడతాది. క్యాపు తీసి రోటరు పట్టుకోని పక్కలకు ఊపి చూడు. రవ్వంత కూడా కదలకూడదు.

లేత్ షాపులో బేరింగు కొత్తది వేయించుకోవచ్చు, నేనే వేయించినా రెండు బండ్లకు. కింద కెమ్‌కు తగులుకునే ముక్కకు ఒక పిన్ను ఉంటాది, దాన్ని కొట్టి తియ్యాల. తీసే ముందు గుర్తు గీసుకో. ఆ ముక్క తిరగేసి కొట్టినామంటే నిప్పంతా అర్ధ చుట్టు తప్పిపోతుంది, తర్వాత ఎంత వెతికినా తెలీదు. ఒకసారి నాకు అట్లనే పొద్దుగూకింది.

---

రెండు వైర్లోడు, ఊరు పుత్తూరు, ఉండేది హోసూరు:

పెద్దాయన చెప్పింది నూటికి నూరు నిజం. నేను వైరింగు పక్క నుంచి చెప్తా అన్నా.

హిటాచీ, టీఈసీ రెండూ హోండాకు డెల్కోలు చేసి ఇచ్చినవే. నీది డి-సిరీస్ ఇంజన్, డి-సిరీస్‌దే చూసుకో, పుదుపేటలో బి-సిరీస్‌ది చేతిలో పెట్టి పంపించేస్తారు. నీ పాతది విప్పి చేతిలో పట్టుకోని పో. బోల్టులు దిగే మూడు చెవులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు, కింద కెమ్‌లోకి దిగే నాలుక పక్కకు జరిగి ఉండేది కూడా పోల్చుకో. ఆ నాలుక సరిగ్గా మధ్యలో ఉండదు, ఒకే వాటంలో దిగుతుంది. అందుకే హోండాల్లో డెల్కో తిరగేసి పెట్టే ప్రమాదం లేదు, పెద్దాయన చెప్పిన పిన్ను పని చేయించుకుంటే తప్ప.

క్యాపు, రోటర్ మాత్రం మర్చిపో. హిటాచీవి టీఈసీకి పట్టవు, టీఈసీవి హిటాచీకి పట్టవు. కొత్తవి కొన్నానని బాధపడి బలవంతంగా కూర్చోబెట్టేవు.

ఇప్పుడు వైర్లు. మొత్తం తొమ్మిది. మూడు లావు పని చేసేవి: నలుపు-పసుపు వైరు తాళం నుంచి వచ్చే పన్నెండు వోల్టులు, పసుపు-ఆకుపచ్చ ఈసీయూ నుంచి ఇగ్నైటరుకు వచ్చే ఆజ్ఞ, నీలం వైరు ఆర్‌పీఎం ముల్లుకు పోయేది. నీ ముల్లు టక్కున పడిందన్నావే, అది చాలా మంచి గుర్తు. ఆ ముల్లుకు వార్త పంపేది ఇగ్నైటరే కాబట్టి అది చస్తే ముల్లు కూడా చస్తుంది. హోండాల్లో ఇంకో పాత రోగం మెయిన్ రిలే, లోపల సోల్డర్ పగిలి ఎండకు కాంటాక్టు పోతుంది. అదయితే నీకు పంపు గుయ్యిమనదు. నీకు పంపు వినబడింది కాబట్టి అది కాదు.

మిగిలిన ఆరూ మూడు సెన్సార్లకు జతలు జతలుగా. సీకేపీ అనేది క్రాంకు కోణం, డెల్కో ఒక చుట్టు తిరిగితే 24 పల్సులు. డెల్కో కెమ్‌తో పాటు తిరుగుతుంది కాబట్టి అది క్రాంకు రెండు చుట్లు, అంటే క్రాంకు 30 డిగ్రీలకొక పల్సు. పిస్టన్ పైకంటా వచ్చిన చోటు చెప్పే టీడీసీ సెన్సారుకు నాలుగు. సీవైపీకి ఒక్కటే, ఒకటో సిలిండర్ ఇదిగో అని చెప్పేది. వీటికి బ్యాటరీ కరెంటు అక్కర్లేదు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట. పన్ను దగ్గరికి వచ్చి పోతే అదే వోల్టేజి పుట్టిస్తుంది. నువ్వు ల్యాబులో పిల్లకాయలకు చూపించేదే ఇది.

ఇక్కడే అందరూ బోల్తా పడేది. ఆ జతలో ఏది ప్లస్, ఏది మైనస్ అన్నది ముఖ్యం. తిరగేసి కలిపితే పల్సు తలకిందులు అవుతుంది. ఈసీయూ చూసేది ఆ అల సున్నా దాటే చోటు, పైనుంచి కిందికా కింది నుంచి పైకా అన్నది. తలకిందులైతే అది వేరే చోట దాటినట్టు కనబడి టైమింగు ఎటో పోతుంది. ఇంజన్ స్టార్టవుతుంది, అదే మోసం. వైర్ల రంగులు చూసి కలుపు, కానీ రంగులను నమ్మి పడుకోవద్దు. సెన్సార్లు ఒక్కొక్కటీ 350 నుంచి 700 ఓములు చూపించాల, ఒళ్ళుకూ వైరుకూ మధ్య ఏమీ చూపించకూడదు. కాయిల్ ప్రైమరీ ఒక ఓముకు లోపలే, 0.6 నుంచి 0.8. సెకండరీ 13 వేల నుంచి 19 వేల ఓములు.

కనెక్టర్లు కోసుకొచ్చేటప్పుడు డెల్కో ఒక్కటే అడగొద్దు. దాని ఎదురు కనెక్టరు, ఒక జానెడు వైరుతో సహా కోసిమ్మను. లేకుంటే నీ బండి వైరింగును కోసి సోల్డర్ చెయ్యాల్సి వస్తుంది. జానెడు వైరు ఉంటే నీ పాత కనెక్టరుకు మధ్యలో జంపర్ తయారు చేసుకుంటావు, రేపు హిటాచీ దొరికితే మళ్ళీ తగిలించుకోవచ్చు.

ఇంకొకటి, ఇగ్నైటరు వెనక తెల్లటి పేస్టు ఉంటుంది, వేడిని ఒంటికి పంపేది. పాత డెల్కోలో అది ఎండి సున్నం అయిపోయి ఉంటుంది. గీకి, కంప్యూటర్ ప్రాసెసర్‌కు పూసే పేస్టు పలుచగా పుయ్యి. నీ మూడు వారాల ఇగ్నైటరు ఉత్త ఇనుము మీద బిగించి ఉంటారని నా అనుమానం.

---

కాయిల్‌ప్యాక్ కుర్రోడు:

2001 బండికి ఇంకా డెల్కో ఏంది బ్రో. క్రాంకుకు ట్రిగ్గర్ వీల్, స్టాండలోన్ ఈసీయూ, ప్లగ్గుకొక కాయిలు. తిరిగే వస్తువే ఉండదు, అరిగేదీ ఉండదు.

---

రెండు వైర్లోడు:

తమ్ముడూ, నువ్వు చెప్పింది తప్పు కాదు. ట్రాక్ బండికయితే నేనూ అదే చేస్తా. ఈయన పోయేది పాలమనేరుకు, అత్తగారింటికి. ఈసీయూ మ్యాపింగుకు అయ్యే డబ్బుతో ఇంకో సిటీ కొనొచ్చు.

---

ల్యాబ్ సామి, తిరుపతి:

నెల దాటింది రాయక, క్షమించండి. పని అయింది. మధ్యలో ఒక వారం నాకు నిద్ర లేదు, అది కూడా చెప్తా.

గ్రీమ్స్‌పేట పెద్దాయన చెప్పినట్టు రోటర్ పట్టుకోని ఊపితే ఊగింది. రవ్వంత కాదు, బాగానే. దాంతో లేత్ ఆలోచన మానేసి, తెల్లవారుజామున బస్సెక్కి చెన్నై పోయినా. పాత డెల్కోను టవల్లో చుట్టి సంచిలో పెట్టుకోని, ల్యాబు మీటరు జేబులో వేసుకోని. పుదుపేటలో నాలుగో అంగట్లో దొరికింది. ఆయన తొమ్మిది వేలన్నాడు. టెస్టింగు లేదు, గ్యారంటీ లేదు, బయటికి పోతే నేనెవరో నువ్వెవరో అన్నాడు. నేను అక్కడే మెట్టు మీద కూర్చోని క్యాపు విప్పినా. లోపల కుంకుమ లేదు. షాఫ్టు కదల్లేదు. మూడు సెన్సార్లూ నాలుగువందల చిల్లర ఓములు. కాయిల్ కూడా లెక్కలోనే ఉంది. మూడు చెవులూ, కింది నాలుకా పాతదానితో సరిపోయినాయి. మీటరు పెట్టి చూస్తా ఉంటే పక్క అంగడి వాళ్ళు కూడా వచ్చి నిలబడినారు. ఆ తతంగం చూసో ఏమో ఆరున్నర వేలకు దిగినాడు, ఎదురు కనెక్టరు జానెడు వైరుతో కోసిచ్చినాడు. క్యాపు, రోటర్ కొత్తవి వేరే కొన్నా.

ఆదివారం పొద్దున బిగించినా. మూడు పన్నెండు నంబరు బోల్టులు, కొత్త ఓరింగుకు కాస్త ఆయిలు రాసి లోపలికి తోస్తే నాలుక దానంతట అదే వెతుక్కోని కూర్చుంది. ఆ టక్ మనే చప్పుడు నాకు బో ఇష్టమైపోయింది. జంపర్ వైరింగు రంగుకు రంగు కలిపి చేసినా. సెల్ఫ్ కొడితే సగం చుట్టుకే స్టార్టయింది. మా వాడు చప్పట్లు కొట్టినాడు.

వీధి చివరి దాకా పోయినానో లేదో, యాక్సిలరేటరు తొక్కితే దగ్గు. ఐడిల్లో ముద్దుగా ఉంది, తొక్కితే బరువు మోసే గాడిద మాదిరి. టైమింగు లైటు అడుక్కొచ్చి, డాష్‌బోర్డు కింద రెండు పిన్నుల సర్వీసు కనెక్టరుకు క్లిప్పు పెట్టి, పుల్లీ మీద ఎర్రగీత చూసినా. క్లిప్పు పెట్టకుండా చూస్తే ఈసీయూ ఐడిల్ నిలపడానికి టైమింగును తనే అటూ ఇటూ జరుపుతాంటుంది, దాని వెనక మనం పరిగెత్తాల్సి వస్తుంది. క్లిప్పు పెట్టి చూసినా గీత రావాల్సిన చోట లేదు. బానెట్ కింద స్టిక్కరు 16 డిగ్రీలంటాంది, గీత ఎక్కడో దూరంగా మిణుకుతాంది. డెల్కోను బోల్టు గాడి చివరికంటా తిప్పినా దగ్గరికి రాలేదు. చెక్ ఇంజన్ లైటు రాలేదు. అదే క్లిప్పుతో కోడ్లు వస్తాయేమో చూసినా. 4 వస్తే సీకేపీ, 8 వస్తే టీడీసీ, 9 వస్తే సీవైపీ, 15 వస్తే ఇగ్నైటర్ దారి. ఏమీ మిణకలేదు. ఈసీయూ దృష్టిలో అందరూ క్షేమమే.

మూడు రోజులు టైమింగు బెల్టు పన్ను దాటిందేమోనని అనుమానం, కెమ్ గుర్తులు చూసుకున్నా, సరిగ్గానే ఉన్నాయి. నాలుగో రోజు రెండు వైర్లన్న రాసిన పేరా మళ్ళీ చదివి, రెండు డెల్కోలనూ కాలేజీకి తీసుకుపోయినా.

సాయంత్రం ల్యాబు ఖాళీ అయినాక రిటార్ట్ స్టాండు క్లాంపులో డెల్కోను తలకిందులుగా బిగించినా. కింది నాలుకకు ఒక సాకెట్టు తొడిగి, దాన్ని డ్రిల్లు మిషనుకు పెట్టి మెల్లగా తిప్పినా. సెన్సారు వైర్లు సీఆర్‌ఓకు, అంటే వోల్టేజిని అల మాదిరి తెర మీద చూపించే మిషనుకు. ముందు నా పాత హిటాచీ: సీకేపీ జత పెడితే తెరంతా దువ్వెన పండ్ల మాదిరి పల్సులు, ఒక్కొక్కటీ పైకి లేచి, సున్నా గుండా దిగి, కింద మునిగి మళ్ళీ లేస్తాంది. టీడీసీ కూడా ముందు పైకే. సీవైపీ ఒంటిగా, చాలా సేపటికొకటి, అదీ ముందు పైకే. ఇప్పుడు టీఈసీది బిగించినా. టీడీసీ పైకి. సీవైపీ పైకి. సీకేపీ, మునిగి లేస్తాంది.

నీలం-ఆకుపచ్చ, నీలం-పసుపు వైర్లు. నేను రంగు తప్పు కలపలేదు. కనెక్టరు నుంచి వెనక్కు వస్తే డెల్కో ఒంటి దగ్గర నల్ల టేపు చుట్టి ఉంది, అది కంపెనీ టేపే అనుకున్నా. విప్పితే రెండు వైర్లూ ఎవరో ఎప్పుడో తెగగొట్టి, తిరిగి కలిపేటప్పుడు ఒకదానికొకటి అడ్డం మార్చి సోల్డర్ చేసి ఉన్నారు. రంగులు కనెక్టరు దగ్గర సరైనవే, లోపల మాత్రం మారిపోయినాయి. జపాన్‌లో మారినాయో పుదుపేటలో మారినాయో ఆ వైర్లకే తెలియాల.

విప్పి సరి చేసి, మళ్ళీ తెర మీద చూసుకోని, ఇంటికొచ్చి బిగించినా. గీత గాడి మధ్యలోనే 16 దగ్గరికి వచ్చి నిలబడింది. అయినా పూర్తిగా అయిపోలేదు. నాలుగు వేల ఆర్‌పీఎం దాటితే సన్నగా ఒక మిస్సింగు. నా జంపర్ వైరును నేనే నీటుగా ఉండాలని ప్లగ్గు వైర్ల పక్కన కట్టేసి ఉన్నా. ఆ వేల వోల్టుల పక్కన సెన్సారు గుసగుస ఎట్ల వినబడుతుంది? జతలు మెలిపెట్టి, దూరంగా బ్యాటరీ పక్క నుంచి తిప్పితే పోయింది. ఇగ్నైటరుకు పేస్టు కూడా పూసినా. అన్న అనుమానం నిజమే. ఆ ఆన్‌లైన్ ఇగ్నైటరు వెనక ఉత్త ఇనుమే, పేస్టు చుక్క లేదు.

పోయిన శనివారం మొగిలి ఘాట్. అదృష్టానికి ముందర లారీ ఉంది, ఈసారి దాటాలని నేనే అనుకోలేదు. సెకండు గేరు, ఏసీ, మధ్యాన్నం ఎండ. ముల్లు రెండు వేల అయిదు వందల దగ్గర ఊగకుండా నిలబడి ఉంది. నేను రోడ్డు కంటే దాన్నే ఎక్కువ చూస్తున్నానని మా ఆవిడ ఒకసారి గట్టిగా అనింది. మొన్న చక్రం కింద పెట్టిన రాయి అక్కడే ఉంది. ఆపకుండా పోయినా.

అత్తగారు గుమ్మంలోనే, టైముకే వచ్చినారే, బస్సులో వచ్చినారా అని అడిగింది.

---

గ్రీమ్స్‌పేట మెకానిక్, చిత్తూరు:

శానా బాగా చేసినావు నాయనా. ఆ తెర మీద చూసే మిషను మాకుంటే ఎన్ని బండ్లు బతికేవో. క్యాపు వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి విప్పి చూడు, ఎర్రపొడి మళ్ళీ కనబడితే ఆలస్యం చెయ్యొద్దు. ఆయిలు చెమ్మ కనబడినా అంతే, లోపలి సీలు పోయినట్టు.

---

కాయిల్‌ప్యాక్ కుర్రోడు:

అన్నా, సీఆర్‌ఓ ఐడియా సూపర్. నా ఫ్రెండుది రేణిగుంటలో ఇదే సిటీ ఉంది, హిటాచీ డెల్కోనే. నీ పాతదాంట్లో పనికొచ్చేవి ఏమైనా ఇస్తావా?

---

ల్యాబ్ సామి, తిరుపతి:

క్యాపు, రోటర్ కొత్తవే, ఊరికే తీసుకుపొమ్మను. కాయిలు కూడా మంచిదే, మీటరు పెట్టి చూసినా. ఒళ్ళు మాత్రం అడగొద్దు. బేరింగు పోయింది, పైగా దాన్ని స్టాండుకు బిగించి ల్యాబులోనే పెట్టేసినా. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం వచ్చినప్పుడు డ్రిల్లుతో తిప్పి చూపిస్తాన్నా, పిల్లకాయలు పుస్తకంలో బొమ్మ కంటే దాన్నే ఎక్కువ చూస్తాన్నారు.